మూసుకోని గీత

మోకాలు తీయమని చీటీ.
మోకాలే తీశాను.
ఏమీ లేదు. పాఠం అప్పజెప్పేసి కూర్చున్న
పిల్లాడిలా ఉంది మోకాలు.

"మూడు నెల్లనుంచి ఇదే ఏడుపు బావూ.
డ్రిల్లు మాస్టారు ఏసాలన్నాడు,
మాయత్త ఆవుదం రాసింది,
నాను కూడా ఒకపాలి కొట్టీసినాను"
అంది దమయంతి,
జీడి నూనెకి కాలిన వేళ్లు
కొంగులో దాచుకుంటూ.

ఢిల్లేసుకి పదమూడో ఏడు నడుస్తోంది.
వాడి నడక నేను చూశాను.
వరండాలోంచి బల్ల దాకా పదకొండు అడుగులు,
కుడి పాదం బయటికి తిరిగి
వేరే ఊరికి దారి అడుగుతున్నట్టు.

తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయంటారు.
నవ్వుకోడానికి పుట్టిన మాట.
కాశీబుగ్గలో, ఈ చీకటి గదిలో
ఇరవై రెండేళ్లుగా నేను నవ్వకుండా నమ్ముతున్నాను.
తుంటికి నోరు లేదు.
దాని ఏడుపు మోకాలు ఏడుస్తుంది.

డాక్టరమ్మని అడిగి
నడుము కింద ఇంకో ఫిలిం పెట్టాను.

నెలల బిడ్డకి తొడ ఎముక తల
ఫిలింలో కనిపించదు.
తల్లులు హడలిపోతారు.
ఉందమ్మా, లేత ముంజెలా ఉంది,
వెలుగు దాన్ని దాటుకుని పోతోంది, అంతే, అంటాను.
అయిదారు నెలలకి
నల్లటి నీళ్లలో ఒక పెసరగింజ.
తర్వాత రేగుపండు.
బడికెళ్లే వేళకి గుండ్రంగా ఒక బంతి.
బంతికీ మెడకీ మధ్య
ఒక గీత మాత్రం మిగిలిపోతుంది,
గోటితో గీరినంత.
ఏమీ లేనట్టు నల్లగా కనిపించే ఆ చోటే
పని జరిగే చోటు.
ఇటుకబట్టీలో పేర్చినట్టు
కణం మీద కణం, వరస మీద వరస,
వెనకటి వరస కాలి గట్టిపడేలోగా
కొత్త వరస.

గిన్నెలోనూ అంతే.
మూడు ఎముకలొచ్చి కలిసే చోట మూడు గట్లు.
పద్నాలుగూ పదిహేనూ దాటేసరికి
చెరిగిపోయి ఒకటే మడి అవుతుంది.
(అన్నదమ్ముల గట్లు అలా చెరగడం
మా ఊళ్లో నేనెప్పుడూ చూళ్లేదు.)

కానీ లాగులు పొట్టయ్యే ఏడు ఒకటొస్తుంది.
గొంతు రెండుగా చీలే ఏడు.
ఒళ్లు ముందు పరిగెట్టి
గీత వెనకపడే ఏడు.
పండిన జీడిమామిడికి పిక్క ఎంతలో అతుక్కుని ఉంటుందో
దమయంతికి నేను చెప్పాలా?
మెలితిప్పితే చాలు.

తడి ఫిలిం లైటు పెట్టె మీద పెట్టి
మెడ పైఅంచు వెంట పెన్సిలు ఆనించాను.
ఎడమవైపు, బంతి అంచుని కోసుకుంటూ పోయింది.
కుడివైపు,
ఆగని ఎక్స్‌ప్రెస్సులా
ముట్టుకోకుండా పోయింది.
బంతి గిన్నెలోనే ఉంది.
మెడే జరిగిపోయింది.

"ఇక అడుగు కింద పెట్టకూడదు."
"ఇందాకా నడిసే వొచ్చినాడు కదేటి?"
"అవును. ఇందాకటిదాకా."

శ్రీకాకుళంలో ఒక మర బిగించారు.
ఒక్కటే. జరిగినదాన్ని జరిగిన చోటే ఆపడానికి.
మూడో నెల కర్రల మీద వచ్చి
గోడకున్న కొలబద్ద వైపు చూస్తూ అడిగాడు:
"ఆ గీత మూసుకుపోతే నాను ఎదగనేటి?"
అక్కడ ఎదగవురా.
కాలు ఎక్కువగా ఎదిగేది మోకాలి దగ్గరే.
అబద్ధం చెప్పిందన్నావు చూడు, అదే నిన్ను మోస్తుంది.

ఎడమ గీత ఇంకా తెరిచే ఉంది.
మూడు నెలలకోసారి చూస్తాం, జారుతుందేమోనని.
"ఎప్పుడికి మూసుకుంతాది బావూ?"
పదమూడేళ్లు కొడుకు ఎదగాలని
గుడ్డూ పాలూ పోసిన మనిషి
తొందరగా ఆగితే బాగుణ్ణని అడుగుతోంది.
నా దగ్గర తేదీ లేదు.
ఫిలిం మూల ఇవాళ్టి తేదీ వేశాను.

వెళ్తూ వెళ్తూ
పాత మోకాలి ఫిలిం ఇమ్మన్నాడు.
మాస్టారికి చూపిస్తాడట.
అది కాదురా పిచ్చోడా,
అందులో నువ్వు అబద్ధాలోడివే.
ఇది పట్టుకెళ్లు.